బలాన్ని పుట్టించదు, బేరం కుదురుస్తుంది: యంత్రాల్లో గేర్ల పని

సైకిల్ రిక్షా ఎక్కినవాళ్లకు ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. చదునైన రోడ్డు మీద హాయిగా సాగిన రిక్షా, ఫ్లైఓవర్ మొదలుకాగానే నెమ్మదిస్తుంది. తొక్కే మనిషి సీటు మీంచి లేచి ఒంటి బరువంతా పెడల్ మీద వేస్తాడు. నాలుగు గజాలు పోయాక అదీ చాలదు. చివరికి కిందికి దిగి, ఒక చేత్తో హ్యాండిల్, మరో చేత్తో సీటు పట్టుకుని బండిని లాక్కుంటూ నడుస్తాడు. వెనక కూర్చున్నవాళ్లలో కొందరు మొహమాటపడి దిగిపోతారు. కొందరు దిగరు.

అతనికి సత్తువ లేదనుకోవడానికి వీల్లేదు. పొద్దున్నుంచి ఆ బండిని తొక్కుతున్నది అతనే. మరి ఈ కాస్త ఎత్తు దగ్గర ఎందుకు దిగాల్సి వస్తోంది? కారణం తెలియాలంటే అతని కాళ్ల కంటే ముందు, చైను తగిలించిన ఆ రెండు పళ్ల చక్రాలను చూడాలి.

లెక్క వేసి చూద్దాం

రిక్షా బరువు 80 కిలోలు, తొక్కే మనిషి 55, ఇద్దరు ప్రయాణికులు 130, వాళ్ల సామాను 35 అనుకుందాం. మొత్తం 300 కిలోలు. ఫ్లైఓవర్ 20 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు లేస్తోందనుకుందాం. అలాంటి వాలు మీద బండి వెనక్కి జారకుండా పైకి సాగాలంటే దాని బరువులో ఇరవయ్యో వంతు బలం కావాలి. అంటే 15 కిలోల సంచిని చేత్తో వేలాడదీసి పట్టుకోవడానికి ఎంత బలం కావాలో అంత. రోడ్డు రాపిడిని, ఎదురుగాలిని ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఆ మాత్రం బలం ఎవరికైనా ఉంటుంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది.

పెడల్ దగ్గరున్న పెద్ద చక్రానికి 44 పళ్లు, వెనక ఇరుసు మీదున్న చిన్న చక్రానికి 18 పళ్లు అనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే చైను 44 పళ్ల మేర కదులుతుంది. దాంతో వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. కాబట్టి పెడల్ ఒక్క చుట్టు తిరిగేసరికి బండి 5.4 మీటర్లు ముందుకు పోతుంది. అదే సమయంలో పాదం ఎంత దూరం కదిలింది? పెడల్‌ను పట్టి ఉంచే క్రాంక్ పొడవు 17 సెంటీమీటర్లు అయితే, పాదం తిరిగిన వృత్తం చుట్టుకొలత 1.07 మీటర్లు.

పాదం ఒక మీటరు కదిలితే బండి ఐదు మీటర్లు కదిలిందన్నమాట. చదునైన రోడ్డు మీద ఇది వరం. కానీ దూరంలో వచ్చిన ఐదు రెట్ల లాభానికి బలంలో ఐదు రెట్ల నష్టం చెల్లించాలి. చక్రం దగ్గర 15 కిలోల బలం కావాలంటే పెడల్ మీద 75 కిలోల బలం పెట్టాలి. తొక్కే మనిషి బరువే 55 కిలోలు! లేచి నిలబడి మొత్తం బరువు పెడల్ మీద వేసినా చాలదు. హ్యాండిల్‌ను గట్టిగా పట్టి లాగితే మరికొంత తోడవుతుంది, కానీ ఎంతసేపు? పైగా 75 అనేది చుట్టు మొత్తానికి సగటు. పెడల్ సరిగ్గా పైన, సరిగ్గా కింద ఉన్నప్పుడు నొక్కినా పెద్దగా ఫలితం ఉండదు కనుక, మధ్యలో ఇంకా ఎక్కువ నొక్కాలి.

అదే దిగి నడిస్తే? అతను ఒక మీటరు నడిస్తే బండీ ఒక మీటరే కదులుతుంది. 15 కిలోల బలంతో పని జరిగిపోతుంది. రిక్షా దిగి లాగే మనిషి భౌతికశాస్త్రం ప్రకారం సరైన పనే చేస్తున్నాడు. గేర్లు లేని ఆ బండిలో నడక ఒక్కటే అతనికి దొరికిన లో గేరు.

ఇప్పుడు అదే బండికి ముందు 28 పళ్లు, వెనక 28 పళ్లు ఉన్న ఇంకో జత అమర్చామనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి 2.2 మీటర్లే పోతుంది. కానీ పెడల్ మీద పెట్టాల్సిన బలం 75 కిలోల నుంచి 31 కిలోలకు దిగుతుంది. సీట్లో కూర్చునే ఫ్లైఓవర్ ఎక్కేయొచ్చు. కాకపోతే రెండున్నర రెట్లు ఎక్కువసార్లు తొక్కాలి. పైకి చేరేసరికి చేసిన మొత్తం పని మాత్రం మారలేదు.

తీసుకున్నంతే ఇస్తుంది

గేర్ల గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. గేరు శక్తిని పుట్టించదు. వేగాన్ని తీసుకుని బలాన్ని ఇస్తుంది, లేదా బలాన్ని తీసుకుని వేగాన్ని ఇస్తుంది. రెండూ కలిపి ఎక్కువ ఇవ్వడం దాని చేతిలో లేదు. పైగా మధ్యవర్తి కనుక కాస్త కమీషన్ కూడా తీసుకుంటుంది. చక్కగా చెక్కి నూనె పట్టించిన ఒక జత గేర్లలో, వచ్చిన శక్తిలో ఒకటి రెండు శాతం రాపిడి వల్ల వేడిగా మారిపోతుంది.

ఇది ఎలా జరుగుతుందో చూద్దాం. 20 పళ్ల చిన్న చక్రం, 60 పళ్ల పెద్ద చక్రం ఒకదానిలో ఒకటి ఇమిడి తిరుగుతున్నాయి. చిన్నది మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒక చుట్టు తిరుగుతుంది. రెండింటి పళ్లూ తాకే చోట ఒకదాన్నొకటి నెట్టుకునే బలం సమానమే. అయితే పెద్ద చక్రంలో ఆ బలం ఇరుసుకు మూడు రెట్ల దూరంలో పనిచేస్తుంది. తలుపును బందుల దగ్గర నెడితే కదలదు, గడియ దగ్గర నెడితే ఒక వేలు చాలు. ఇక్కడా అంతే. ఇరుసును తిప్పే ఈ సత్తాను ఇంజినీర్లు టార్క్ అంటారు. పెద్ద చక్రం వేగం మూడో వంతుకు పడిపోయింది, టార్క్ మూడు రెట్లయింది. చక్రాలు చైనుతో కలిసినా, నేరుగా పళ్లతో కలిసినా లెక్క ఒకటే. నేరుగా కలిస్తే మాత్రం రెండూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి.

మరి ఈ మార్పిడి ఎందుకు? శక్తినిచ్చే ప్రతిదానికీ తనకు నప్పే నడక ఒకటుంటుంది. మన కాళ్లు నిమిషానికి 60 నుంచి 90 చుట్ల మధ్య పెడల్‌ను సుఖంగా తిప్పగలవు. గానుగ ఎద్దు నిమిషానికి రెండు మూడు చుట్లు తిరుగుతుంది. పెట్రోల్ ఇంజిన్ నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరిగితేనే సరిగా పనిచేస్తుంది. కానీ చేయాల్సిన పనికి కావాల్సిన వేగం, బలం వేరు. ఈ ఇద్దరి అవసరాలనూ కలిపి బేరం కుదిర్చేదే గేరు.

బావి దగ్గర ఎద్దు

ఈ బేరం మన దేశంలో కొత్తది కాదు. మొఘల్ చక్రవర్తి బాబర్ తన జ్ఞాపకాల్లో లాహోర్, దీపాల్‌పూర్, సర్హింద్ ప్రాంతాల్లో నీళ్లు తోడే యంత్రాన్ని వివరంగా రాశాడు. బావి మీద నిలువు చక్రం, దాని మీదుగా కుండలు కట్టిన తాళ్ల దండ. ఆ చక్రం ఇరుసుకు మరో కొసన పళ్ల చక్రం. దాని పక్కనే నిలువు ఇరుసు మీద ఇంకో పళ్ల చక్రం. ఎద్దు ఈ చివరి చక్రాన్ని తిప్పితే పళ్లకు పళ్లు తగిలి, కుండలు వరసగా నీళ్లు పైకి తెస్తాయి.

తెలుగు నేల మీద ఎక్కువగా వాడిన మోటతో దీన్ని పోల్చి చూడండి. మోటలో ఎద్దులు వాలులో ముందుకు నడుస్తూ తోలు బానను పైకి లాగుతాయి. తర్వాత వెనక్కి రావాలి. వెనక్కి వచ్చేంతసేపూ నీళ్లు రావు. పళ్ల చక్రాలున్న యంత్రంలో ఎద్దు గుండ్రంగా నడుస్తూనే ఉంటుంది, నీళ్లు వస్తూనే ఉంటాయి. ఎద్దు నడక నేలకు సమాంతరం, కుండల ప్రయాణం నిలువు. ఈ రెండింటినీ కలిపింది చెక్క పళ్లు. గేరు చేసే ఇంకో పని ఇది: తిరిగే దిశను మార్చడం.

పత్తి నుంచి గింజ తీసే పాత చెక్క చరకిలోనూ ఇలాంటి తెలివే కనిపిస్తుంది. దూది రెండు రోలర్ల మధ్య నుంచి అవతలికి పోవాలి, గింజ ఇవతలే ఆగాలి. అందుకు రోలర్లు రెండూ ఎదురెదురుగా తిరగాలి. తిప్పే మనిషికున్నది ఒక పిడి. మన దేశపు కళాకారులు రోలర్ల కొసల్లో మరలాంటి గాళ్లు చెక్కి, ఒకటి తిరిగితే రెండోది దానంతటదే ఎదురుగా తిరిగేలా చేశారు.

ఇంజిన్‌దీ అదే బాధ

రిక్షా తొక్కే మనిషికి వచ్చిన కష్టమే కారు ఇంజిన్‌కూ ఉంది. తిరిగే వేగం మరీ తగ్గితే అది ఆగిపోతుంది. అందుకే ఆగి ఉన్న బండిని కదిలించడానికి మొదటి గేరు కావాలి. సాధారణ చిన్న కారులో మొదటి గేరులో ఇంజిన్ సుమారు 14 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. అంటే టార్క్ కూడా ఇంచుమించు 14 రెట్లు. ఐదో గేరుకు వచ్చేసరికి ఇంజిన్ మూడు నాలుగు చుట్లకే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. బలం తగ్గింది, వేగం పెరిగింది. చదునైన హైవే మీద కావాల్సింది అదే.

మలుపు తిరిగేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. బయటివైపు చక్రం లోపలివైపు చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. డిఫరెన్షియల్ అనే గేర్ల గుంపు, ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ అందిస్తూనే, వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు

గేరు ప్రాణాలు కాపాడేది ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే. శ్రీశైలం, తిరుమల, అరకు దారుల్లో ప్రయాణించినవాళ్లు అనుభవం ఉన్న డ్రైవర్లు ఒక మాట అనడం వినే ఉంటారు: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. దీని వెనకున్న లెక్క చూస్తే ఆ మాట ఎంత బరువైనదో తెలుస్తుంది.

15 టన్నుల బస్సు 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగుతోంది. వేగం పెరగకుండా దిగాలంటే, ఆ ఎత్తులో దాచుకున్న శక్తినంతా దారిలో వదిలించుకోవాలి. ఆ శక్తితో 250 లీటర్ల మామూలు నీళ్లను మరిగే స్థితికి తేవచ్చు. న్యూట్రల్‌లో దిగితే, గాలి, రోడ్డు రాపిడి తీసుకునే కొద్ది భాగం పోను, మిగిలిన వేడంతా బ్రేకుల మీదే పడుతుంది. బాగా వేడెక్కిన బ్రేకు లైనింగ్‌కు పట్టు తగ్గుతుంది. డ్రైవర్ పెడల్‌ను ఎంత తొక్కినా బస్సు ఆగదు. చెడిపోని బ్రేకులే అవసరానికి పనిచేయవు.

లో గేరులో దిగితే సంగతి వేరు. ఇప్పుడు ఇంజిన్ చక్రాలను తిప్పడం లేదు, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నాయి. ఇంజిన్ లోపలి రాపిడి, గాలిని లాగి, నొక్కి, బయటికి తోసే శ్రమ చక్రాలకు అడ్డుపడతాయి. పెద్ద బస్సుల్లో పొగగొట్టాన్ని మూసి ఈ అడ్డును ఇంకా పెంచే ఎగ్జాస్ట్ బ్రేకు కూడా ఉంటుంది. ఎక్కేటప్పుడు ఇంజిన్ బలాన్ని చక్రాల దగ్గర ఎన్ని రెట్లు పెంచిందో, దిగేటప్పుడు ఇంజిన్ పెట్టే అడ్డును కూడా గేరు అన్ని రెట్లు పెంచుతుంది. పై గేరులో ఈ పట్టు తగ్గుతుంది, న్యూట్రల్‌లో అసలే ఉండదు.

న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుందని కొందరి నమ్మకం. కంప్యూటర్‌తో ఇంధనం అందించే నేటి ఇంజిన్లలో, గేరులో ఉంచి యాక్సిలరేటర్ నుంచి కాలు తీస్తే ఇంధనం దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నాయి కదా. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి కొంత ఇంధనం పోస్తూనే ఉండాలి. పొదుపు కోసం ప్రాణం పణంగా పెడితే ఆ పొదుపూ దక్కదు.

గాలిమరలో బేరం తిరగబడుతుంది

ఇంతవరకు చూసినవాటిలో వాహనాల గేర్‌బాక్స్ పని ఎక్కువ వేగాన్ని తగ్గించి బలం పెంచడం. అనంతపురం వైపు రామగిరి కొండల మీదో, తమిళనాడులోని ముప్పందల్‌లోనో కనిపించే గాలిమరల్లో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన అవసరం ఉంటుంది.

పెద్ద గాలిమర రెక్కలు నిమిషానికి సుమారు 15 చుట్లు తిరుగుతాయి. చూడటానికి బద్ధకంగా అనిపిస్తుంది కానీ, రెక్క పొడవు 50 మీటర్లయితే దాని కొస గంటకు 280 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతూ ఉంటుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది. అందుకు తగ్గట్టు, ఎక్కువగా వాడే ఒక రకం జనరేటర్ నిమిషానికి సుమారు 1,500 చుట్లు తిరగాలి. రెక్కలనే అంత వేగంగా తిప్పితే సరిపోదా? అప్పుడు రెక్క కొస వేగం ధ్వని వేగానికి 20 రెట్లు దాటాలి. అది జరిగే పని కాదు. కాబట్టి మధ్యలో 15ను 1,500 చేసే గేర్‌బాక్స్, అంటే వంద రెట్లది, ఉండాలి.

వేగం వంద రెట్లు పెరిగితే టార్క్ వందో వంతుకు తగ్గుతుంది. ఈ లెక్కను వెనక నుంచి చదివితే గేర్‌బాక్స్ కష్టం అర్థమవుతుంది. 2 మెగావాట్ల గాలిమరలో రెక్కల వైపు ఇరుసు మీద పడే టార్క్, ఒక మీటరు కడ్డీ చివర 130 టన్నులు వేలాడదీసినంత. అంత బలాన్ని ఒక్క జత పళ్లు మోయలేవు. అందుకే నడుమ ఒక చక్రం, దాని చుట్టూ మూడో నాలుగో చక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్లున్న పెద్ద వలయం ఉండే ఏర్పాటు వాడతారు. సూర్యుడి చుట్టూ గ్రహాల్లా ఉంటుంది కనుక దీన్ని గ్రహ గేరు అంటారు. భారం ఒకేసారి అనేక పళ్ల మీద పంచుకుంటుంది. అయినా గాలి ఎప్పుడూ ఒకేలా వీయదు. అదురుకు పళ్లు, బేరింగులు అరిగితే, వంద మీటర్ల ఎత్తున బాగుచేయాలంటే పెద్ద క్రేన్ కావాలి. ఈ బాధ పడలేక కొందరు తయారీదారులు గేర్‌బాక్సే లేకుండా, నెమ్మదిగా తిరిగే భారీ జనరేటర్‌ను నేరుగా రెక్కలకు తగిలిస్తున్నారు. అప్పుడు జనరేటర్ బరువు, ఖర్చు పెరుగుతాయి. బేరం ఇక్కడా తప్పలేదు.

పళ్లే ఎందుకు?

చక్రాన్ని చక్రంతో తిప్పడానికి పళ్లు తప్పనిసరి కాదు. పిండి మరలో చూస్తాం కదా, బెల్టు కూడా ఆ పని చేస్తుంది. కానీ బెల్టు జారుతుంది. పళ్లు జారవు, కాబట్టి లెక్క తప్పవు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు 60 చుట్లు తిరిగితే నిమిషాల ముల్లు సరిగ్గా ఒక్కటే, నిమిషాల ముల్లు 12 చుట్లకు గంటల ముల్లు ఒక్కటే. అక్కడ గేరు బలం కోసం కాదు, లెక్క కోసం.

గ్రీస్‌లోని ఆంటికితెరా దీవి దగ్గర మునిగిన ఓడ నుంచి 1901లో బయటపడ్డ కంచు యంత్రం ఇందుకు గొప్ప సాక్ష్యం. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ యంత్రంలో 30 పళ్ల చక్రాలు మిగిలాయి. ఒకదానికి 223 పళ్లు. గ్రహణాలు ఇంచుమించు అదే క్రమంలో తిరిగి రావడానికి పట్టే చాంద్రమాసాల సంఖ్య కూడా 223.

ప్రకృతి ఈ ఉపాయాన్ని మనకంటే ముందే కనిపెట్టింది. వరి రైతులను ఏడిపించే సుడిదోమకు దూరపు చుట్టమైన ఇస్సస్ అనే చిన్న పురుగు పిల్ల దశలో వెనక కాళ్ల మొదట్లో పళ్ల వరసలు ఉంటాయి. ఒక్కో వరసలో 10 నుంచి 12 పళ్లు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మాల్కమ్ బరోస్, గ్రెగరీ సటన్ 2013లో ఈ సంగతి ప్రకటించారు. ఎగిరేటప్పుడు రెండు కాళ్లూ ఒకేసారి కదలకపోతే పురుగు గిరగిరా తిరిగి పడిపోతుంది. పళ్లు కలిసి ఉండటం వల్ల రెండు కాళ్ల కదలికకూ మధ్య తేడా సెకనులో పది లక్షల వంతులు 30కి మించదు. నరాలు అంత కచ్చితంగా కాళ్లను కలపలేవు. పెద్ద పురుగుగా మారే చివరి కుబుసంతో ఆ పళ్లు పోతాయి.

మనం చెక్కే పళ్ల ఆకారానికీ ఓ కథ ఉంది. తిన్నని పళ్లయితే ఒక పన్ను వదిలి మరో పన్ను అందుకునేటప్పుడు వేగం కొద్దిగా పెరిగి తగ్గుతుంది. చప్పుడు, అదురు, అరుగుదల మొదలవుతాయి. దారపు ఉండ నుంచి దారాన్ని బిగువుగా పట్టి విప్పుతూ పోతే దాని కొస గాలిలో ఒక వంపును గీస్తుంది. పన్ను అంచును ఆ వంపులో చెక్కితే వేగాల నిష్పత్తి అడుగడుగునా ఒకేలా ఉంటుంది. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ గేర్ల పళ్లకు ఈ వంపును సూచించాడు. నేటికీ ఎక్కువ గేర్లు చెక్కేది దాని ప్రకారమే.

మళ్లీ ఫ్లైఓవర్ దగ్గరికి

ఇప్పుడు అదే ఫ్లైఓవర్ మీద ఇ-రిక్షా ఎక్కుతోంది. డ్రైవర్ కిందికి దిగడు, గేరు కూడా మార్చడు. విద్యుత్ మోటారు కదలకుండా ఉన్నప్పటి నుంచే మంచి టార్క్ ఇవ్వగలదు, ఇంజిన్‌లా ఆగిపోదు. అందుకే గేర్లు మార్చే పని తప్పింది. గేరు మాత్రం తప్పలేదు. మోటారు నిమిషానికి సుమారు 3,000 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఇ-రిక్షాకు అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు. 40 సెంటీమీటర్ల చక్రం ఆ వేగానికి నిమిషానికి 330 చుట్లు తిరిగితే చాలు. మధ్యలో తొమ్మిది రెట్ల తగ్గింపు ఉండాల్సిందే. సీటు కింద, నూనె పట్టిన డబ్బాలో ఆ పని చేస్తున్నది ఓ నాలుగు పళ్ల చక్రాలు.

పాత రిక్షా మనిషికి 75 కిలోల బలం అవసరమైన చోట, సరైన ఒక జత పళ్ల చక్రాలుంటే 31 కిలోలు సరిపోయేవి. ఈసారి ఎత్తు దగ్గర ఎవరైనా సైకిలో రిక్షానో దిగి నడుస్తూ కనిపిస్తే, వాళ్ల బలం గురించి కాక, ఆ బండికి లేని గేరు గురించి ఆలోచించండి.